పీతల బోనులో నూలు దారం

చేసిన వస్తువు తరతరాలు నిలవాలన్నది ఈ శీర్షిక పాత పాట. ఈ వారం అమెరికాలోని చెసాపీక్ అఖాతపు పీతల బోను గురించి చదువుతుంటే ఆ పాటకు మరో చరణం దొరికిందనే సంబరపడ్డాను. వర్జీనియాకు చెందిన బెంజమిన్ లూయిస్ 1928లో పేటెంటు తీసుకుని, మరో పదేళ్లకు మెరుగులు దిద్దిన ఆ తీగల పెట్టెకు రెండంతస్తులు. కింద, నడుమ ఎర గూడు. దాని వైపు పోనుపోను ఇరుకయ్యే గరాటు దారులు. మన మండపీతకు లాగే అక్కడి నీలిపీతకూ వెనక కాళ్లు తెడ్లలా ఉంటాయి. బెదిరితే పైకి ఈదుతుంది. పై అంతస్తుకు చేరడం తేలిక, దిగే దారి దొరకడం కష్టం. పీత స్వభావాన్ని ఇంత శ్రద్ధగా గమనించి కట్టిన పనిముట్టు అరుదు.

కానీ ఎక్కువ పట్టేదే మంచి బోను అనలేం. పిల్లపీతలు బయటపడేందుకు అక్కడి చట్టం బోనుకు రింగులు పెట్టమంటుంది. రాబడి జారిపోతుందని బెస్తల అభ్యంతరం. అందులో నిజముంది, చిన్నపాటి ఈడొచ్చిన ఆడపీతలూ ఆ దారినే పోతాయి. అయినా పిల్లపీతలు ఎలాగూ తిరిగి నీళ్లలో వేయాల్సినవే. ఏరే శ్రమ తగ్గుతుంది, ఇరుకులో అవి ఒకదాన్నొకటి కరుచుకోవడమూ తగ్గుతుంది.

అసలు నష్టం మరోచోట ఉంది. పడవ ప్రొపెల్లర్‌కు బోను తాడు తెగి, దాని కొసన తేలే బెండు కొట్టుకుపోతే, అడుగున మిగిలిన బోను పట్టడం మానదు. లోపల చచ్చిన పీతే తర్వాతి దానికి ఎర. 2008 నుంచి 2014 దాకా వర్జీనియా నీళ్లలో ఇలాంటివి 34,408 వెలికితీశారు. ఆ పనివల్ల దిగుబడి 27 శాతం పెరిగిందని 2016లో అచ్చయిన అధ్యయనం లెక్కగట్టింది. బోను ఆకారం మార్చకుండానే ఇంత లాభం! పోయిన బోన్లు పనిలో ఉన్న బోన్ల పీతలను లాక్కుంటున్నాయన్నమాట.

కాబట్టి నా పాత పాట ఇక్కడ చెల్లదు. తీగ ఎంత గట్టిదైతే నష్టం అంత దీర్ఘం. పసిఫిక్ తీరాన వాషింగ్టన్ రాష్ట్రం డంజనెస్ పీతల బోన్లకు నూలు దారం తప్పనిసరి చేసింది. బోను పోతే ఆ దారం నీళ్లలో కుళ్లి తెగుతుంది, పీతలు బయటికి పోయే దారి తెరుచుకుంటుంది. పనిలో ఉండగానే తెగితే ఎలా అంటారు. దారం చవక, అప్పుడప్పుడూ మార్చి కట్టుకోవచ్చు. లూయిస్ బోనుకు ఇంకా దిద్దాల్సిన మెరుగంటూ ఉంటే నా దృష్టిలో అది ఇదే.