లాంగ్ బెల్ కొట్టాక

సర్కారు బడిలో లాంగ్ బెల్ అయ్యాక పిల్లలతో ప్రయోగాలు చేయించడానికి వచ్చే డిగ్రీ విద్యార్థులకు నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: జవాబు చెప్పకండి. పిల్లలు బతిమాలినా సరే. పరీక్షల్లో జవాబులు రాసీ రాసీ వచ్చినవాళ్లు ఈ డిగ్రీ విద్యార్థులు. అందుకే ఇంతకంటే కష్టమైన పని వాళ్లకు ఇంకోటి ఉండదు.

కొవ్వొత్తి ప్రయోగమే చూడండి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోతుంది, నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ఆక్సిజన్ ఖర్చయింది, ఆ చోటులోకి నీళ్లొచ్చాయన్నది చాలామంది బట్టీ పట్టిన జవాబు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం కాబట్టి లెక్క కూడా కుదిరినట్టే ఉంటుంది. అంతలో ఏడో తరగతి పిల్ల, "అక్కా, మూడు కొవ్వొత్తులు పెడితే?" అంటుంది. పెడితే నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసు అదే, అందులో ఆక్సిజనూ అంతే! మళ్లీ చేస్తారు. అంచు దగ్గర బుడగలు వస్తున్నాయని ఒకడు, మంట ఆరాకే నీళ్లు గబగబా లేస్తున్నాయని మరొకడు పట్టుకుంటారు. వేడికి ఉబ్బిన గాలి కొంత బయటికి పోయింది, మిగిలింది చల్లారి కుంచించుకుంది, బయటి గాలి నీళ్లను లోపలికి నెట్టింది. ఇది పిల్లల నోట వచ్చేదాకా అక్క ఆగాలి. ఆ అరగంటలో ఆమె కూడా కొత్తగా నేర్చుకుంటోందని పిల్లలకు తెలిస్తే మరీ మంచిది.

సామాను గురించి బెంగ వద్దు. ఐఐటీ కాన్పూర్‌లో చదివేటప్పుడే మెస్ కార్మికుల పిల్లలకు పాఠాలు చెప్పిన అరవింద్ గుప్తా, 1978లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమానికి వెళ్లి, అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించారు. నొక్కితే చతురస్రం వాలిపోతుంది, త్రిభుజం నిలబడుతుంది. వంతెనల్లో త్రిభుజాలు ఎందుకుంటాయో పిల్లల వేళ్లకే తెలుస్తుంది. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 బడులతో మొదలైన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. నాకది ఇప్పటికీ బాధే.

ఏడాదికో రోజు వచ్చి, ఫొటో దిగి వెళ్లే శిబిరాల వల్ల ఒరిగేది తక్కువ. వారం వారం అదే రోజు, అదే అన్న, అదే అక్క రావాలి. పోయిన వారం అడిగిన ప్రశ్న వాళ్లకు గుర్తుండాలి.

హెడ్మాస్టర్లకు నా మనవి: సాయంత్రం ఒక్క గది తెరిచి ఉంచండి. బీఎస్సీ చదివే పిల్లల్లారా, మీ ఊరి బడికి ఈ వారమే వెళ్లి అడగండి.