లక్షణం లేని అశ్వం: గుర్రాలలో పరాన్నజీవి వ్యాప్తిని కొలిచే పద్ధతిపై విమర్శ

ఉపోద్ఘాతం

మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసము’ తెలుగులో అశ్వశాస్త్ర సంప్రదాయానికి నిదర్శనం. గ్రంథనామంలోనే ‘లక్షణం’ ఉంది. నేటి పశువైద్య పరిశోధకుడు ఎదుర్కొంటున్నది లక్షణం కనిపించని గుర్రాన్ని. పిడుదుల ద్వారా సంక్రమించే ‘థైలేరియా ఈక్వై’ అనే ఏకకణ పరాన్నజీవి జ్వరం తగ్గిన పిదప కూడా సాధారణంగా జీవితాంతం గుర్రం నెత్తురులో నిలిచి ఉంటుంది. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో సర్రా రోగకారకాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. అయితే దీర్ఘకాలిక దశలో పరాన్నజీవులు అంత తేలికగా కంటపడవు. అందువల్లనే సీరంలో ప్రతిరక్షకాలను వెదికే ఎలీసా వంటి పరీక్షలు వ్యాప్తిని అంచనా వేయడానికి ఆధారమయ్యాయి.

విశ్లేషణ

ప్రతిరక్షకం గుర్రం ఎప్పుడో పరాన్నజీవికి గురైందని సూచిస్తుంది. అది నేటి రోగానికి రుజువు కాదు. జున్నుపాల ద్వారా తల్లి ప్రతిరక్షకాలు పొందిన పిల్ల సైతం పాజిటివ్‌గా తేలవచ్చు. కనుక వయస్సు చెప్పని శాతం అసంపూర్ణం.

పరీక్షలోని దోషం ఇంకా కీలకమైనది. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 1000 గుర్రాలలో 20 మాత్రమే పరాన్నజీవికి గురయ్యాయనీ, పరీక్ష సున్నితత్వం, నిర్దిష్టత చెరి 95 శాతమనీ అనుకుందాం. గురైన వాటిలో 19 పాజిటివ్‌గా తేలుతాయి. గురికాని 980లో 49 కూడా పాజిటివ్‌గానే తేలుతాయి. 2 శాతమైన వ్యాప్తి నివేదికలో 6.8 శాతమవుతుంది. పాజిటివ్ ముద్ర పడిన 68 గుర్రాలలో 49 నిర్దోషులు!

నమూనాల ఎంపిక మూడవ సమస్య. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు సుమారు 3.4 లక్షలు, 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. గుర్రాలు అరుదైనచోట అందుబాటులో ఉన్నవాటి నుంచే రక్తం తీయాలన్న ప్రలోభం సహజం. మలక్‌పేట పందెపు గుర్రానికీ, సిద్దిపేటలో పెళ్లి బరాత్‌కు అద్దెకు వెళ్లే గుర్రానికీ మేత, కొట్టం, ప్రయాణం, పిడుదుల బెడద ఒకటి కావు. ఆ రెండింటి సగటు ఏ ఒక్కదాని స్థితినీ చెప్పదు.

ముగింపు

2016లో ఏర్పడిన సిద్దిపేట జిల్లాపై ఇటువంటి అధ్యయనం చేపట్టే పరిశోధకుడు శాతంతో పాటు పరీక్ష దోషాన్ని సవరించిన అంచనా, విశ్వాస అవధి, గుర్రాల వయస్సు, వినియోగం, రక్తం తీసిన ఋతువు తప్పక ప్రకటించాలి. పాజిటివ్ వచ్చిన ప్రతి నమూనాను పీసీఆర్ వంటి మరో పరీక్షతో సరిచూడాలి. దానిలో నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఒకప్పటి సంక్రమణను తోసిపుచ్చరాదు. బరాత్ గుర్రమే జీవనాధారమైన యజమానికి ‘పాజిటివ్’ అనే మాట బేరం పోవడానికి చాలు. సుడిని చూసి గుర్రానికి కీడు అంటగట్టిన పాత నమ్మకాన్ని మనం ప్రశ్నిస్తాం. దోషం చెప్పని శాతాన్నీ అంతే నిశితంగా ప్రశ్నించవలసి ఉంది.