మొవ్వు విప్పి చూశాకే మందు

ఆకుకు చిల్లి పడిందంటే చాలు, చిప్పగిరి వైపు మొక్కజొన్న రైతు అడిగే మాట ఒకటే: "సార్, ఏ మందు కొట్టల్ల?" అప్పు తెచ్చి విత్తిన పైరు, ఆ ఆత్రం ఉంటుంది. అయినా జవాబు చెప్పాలంటే చేలోకి దిగాల్సిందే.

ఆ చిల్లులు పెట్టే కత్తెర పురుగు పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో బయటపడింది, 2018 మేలో శివమొగ్గ మొక్కజొన్నలో కనిపించింది, ఆ ఏడాదే మన రాష్ట్రానికీ వచ్చింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు పోగలదు; బళ్ళారి మనకు పొరుగే. గడ్డకట్టే చలికి అది బతకదు. మనకా చలి లేదు, పైగా మొక్కజొన్న అయిపోతే రబీ జొన్న సిద్ధంగా ఉంటుంది. అందుకే వస్తుందా రాదా అని అడగడం ఇక అనవసరం. ఈ చేనికి ఈ వారం ముప్పెంత అన్నదే తేల్చుకోవాలి.

లింగాకర్షక బుట్టలో పడేవి మగ పురుగులే. గుడ్లు పెట్టే కాలం వచ్చిందని అవి హెచ్చరిస్తాయి, నష్టమెంతో చెప్పలేవు. గట్టు మీద నిలబడి చూసినా తెలియదు. అందుకే చేలో ఐదు చోట్ల ఇరవయ్యేసి మొక్కలు చూస్తాను. మొవ్వు విప్పితే రంపపు పొట్టులాంటి తడి పెంట. దాని కింద పురుగు. తల మీద తిరగేసిన 'వై' గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే అదే. పచ్చదనం గీకేసి పల్చటి పొర మాత్రం మిగిలిన ఆకులుంటే పిల్ల పురుగులున్నట్టు. వేపమందుకు లొంగేది అప్పుడే. ముదిరాక మొవ్వు లోపలికి దూరితే మందు తగలదు. మొత్తం తిండిలో ముక్కాలు భాగానికి పైగా తినేది ఆ చివరి దశలోనే.

లేత పైరులో నూటికి 5 మొక్కలు దెబ్బతింటే నేనూ ఆగమనను. మొవ్వు బాగా ఎదిగాక 20 దాకా ఓర్చుకోవచ్చు. రైతులతో నాకు వాదన వచ్చేది ఇక్కడే. పాత ఆకు జల్లెడైనా కొత్త ఆకు శుభ్రంగా వస్తుంటే పైరు తేరుకుంటోందని అర్థం. ముసురు పట్టిన వారాల్లో బూజు పట్టి, బిగుసుకుపోయి ఆకుకు అంటుకున్న పురుగులు కనిపిస్తాయి. వాటిని చంపింది డబ్బా మందు కాదు, ఆ బూజే. పురుగు గుడ్లలో పెరిగే చిన్న పరాన్న కందిరీగలూ మన పక్షమే. తొందరపడి కొట్టే మందుకు ముందు పోయేవి అవే.

యెమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లేవాళ్లు చిల్లుల ఆకు ఒక్కటే పట్టుకుపోకండి. పైరు వయసు, నూటికి ఎన్ని మొక్కల్లో కొత్త పెంట ఉందో రాసుకొని వెళ్లండి.