పేరు నగరానిది, పాట పల్లెది: హైదరాబాదు బృందసంగీతంలో నగర స్వభావం

ఒక నగరపు అంతరంగాన్ని ఏ సంగీత బృందం సమర్థంగా పట్టుకొన్నది అన్న ప్రశ్న పాశ్చాత్య విమర్శలో పాతదే. లివర్‌పూల్ అనగానే బీటిల్స్ పేరు చెప్పడం అక్కడ రివాజు. భారతదేశంలోనూ కలకత్తాకు 1970లలో పుట్టిన మొహీనేర్ ఘొడాగులిని, చెన్నైకి 2018 జనవరిలో తొలి ప్రదర్శన ఇచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌ను ఉదాహరణలుగా చూపుతారు. హైదరాబాదు విషయంలో ఈ ప్రశ్నను తెలుగు సాహిత్య విమర్శ గంభీరంగా తీసుకోలేదు. పాటను గేయసాహిత్యంగా విడదీసి పదాలను పరిశీలించడం, లేదా ఉద్యమ చరిత్రకు సాక్ష్యంగా ఉటంకించడం జరిగింది. పాటను మోసిన బృందాన్ని, ఆ బృందం నిలబడిన వీధిని ఒక్కటిగా చూసిన సందర్భాలు తక్కువ. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలను కేంద్రంగా తీసుకొని ఆ ప్రయత్నం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా 'బ్యాండు' అన్న మాట సంగతి తేల్చుకోవాలి. తెలుగులో ఈ మాట గిటారు పట్టిన యువకుల గుంపు కంటే చాలా ముందునుంచీ ఉంది. పెండ్లి ఊరేగింపులో క్లారినెట్టు, ట్రంపెట్టు, డ్రమ్ములతో నడిచే బ్యాండు మేళం దాని తొలి అర్థం. హైదరాబాదు వాడుకలో మర్ఫా బ్యాండు, తీన్‌మార్ బ్యాండు కూడా ఆ మాట కిందికే వస్తాయి. ఇటీవలి పత్రికా రచన మాత్రం ఈ మాటను ఆంగ్లార్థానికి కుదించి, వేదిక మీద సొంత పాట పాడే బృందాలకే పరిమితం చేసింది. ఆ కుదింపును అంగీకరిస్తే నగరంలో అత్యధికులు నిత్యం వినే సంగీతం చర్చలోకే రాదు. కనుక ఇక్కడ బ్యాండు అన్న మాటను జనవ్యవహారంలోని విస్తృతార్థంలోనే గ్రహించడం సముచితం.

రెండవది, నగర స్వభావం అంటే ఏమిటన్నది. చార్మినారు, ఇరానీ చాయ్, బిర్యానీ, ముత్యాలు అని వరుసగా పేర్కొంటే హైదరాబాదు పాట అయిపోతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. ఇటువంటి పాటలు పర్యాటక శాఖ కరపత్రాలకు లయ కట్టినట్లుంటాయి. స్థలనామాలను పేర్కొనడం వేరు, స్థలాన్ని చూడడం వేరు. బీటిల్స్ 1967లో వెలువరించిన 'పెన్నీ లేన్' పాటలోనూ ఒక వీధి పేరు, అక్కడి మనుషుల వరుస ఉన్నాయి. కాని ఆ వరుస వెనుక ఆ వీధిలో బస్సు కోసం నిలబడి పెరిగిన కుర్రవాడి చూపు ఉంది. ఆ చూపు లేనప్పుడు పేర్లు ఎన్ని పేర్చినా అది జాబితాయే.

చిక్కడపల్లి నుండి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆర్టీసీ చౌరస్తా సినిమా థియేటర్లు, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలు, వాటిని ఆశ్రయించుకొన్న హాస్టళ్లు—ఇవన్నీ కాలినడకన చుట్టి రాగలిగినంత దూరంలో ఉన్నాయి. ఇక్కడ వినిపించే సంగీతాలు మూడు నాలుగు తరాల వలసలను ఒకదాని మీద ఒకటి పొరలుగా చూపుతాయి.

మొదటి పొర గానసభది. 1956 తరువాత ఉద్యోగరీత్యా కోస్తా జిల్లాల నుండి వచ్చిన మధ్యతరగతి కుటుంబాలకు చిక్కడపల్లి పరిసరాలు ఇష్టమైన నివాసాలయ్యాయి. గానసభ ప్రధాన వేదికలోను, అదే ప్రాంగణంలోని కళా సుబ్బారావు కళావేదికలోను సినీ సంగీత విభావరులు నిర్వహించే లలిత సంగీత బృందాలు ఆ శ్రోతల అభిరుచికి ప్రతినిధులు. ఘంటసాల పాటను ఘంటసాల పాడినట్లే పాడడం, తబలా నడకను, వయొలిన్ల బిట్టును పొల్లుపోకుండా కీబోర్డు మీద రప్పించడం వీరి ఆదర్శం. సొంత రచన లేదు కనుక వీరిని అనుకర్తలని పక్కన పెట్టడం సులభం. అయితే వీరు అనుకరించేది దేనిని? మద్రాసు స్టూడియోలలో ముద్రితమైన ధ్వనిని. హైదరాబాదులో కూర్చొని మద్రాసును ఇంత శ్రద్ధగా గుర్తుచేసుకొనే ఈ బృందాలలో నగరం కనిపించదు కాని, నగరానికి వచ్చినవారి మనఃస్థితి కనిపిస్తుంది. వాద్యబృందం స్థానంలో కరోకే ట్రాకులు వచ్చిన తరువాత ఆ పని కూడా పలచబడింది. తబలా వాయించే మనిషి లేని విభావరిని బృందసంగీతం అనడం కష్టం.

రెండవ పొర ఉద్యమగానానిది. బి. నరసింగరావు ఆర్ట్ లవర్స్ నుండి రూపుదిద్దుకొని, గద్దర్ గొంతుతో రాష్ట్రమంతా వ్యాపించిన జననాట్యమండలి జన్మస్థలం హైదరాబాదే. నగరంలో పుట్టిన ఆ బృందం తన వేషానికి, వాద్యానికి, భాషకు పల్లెను ఎంచుకొన్నది. గోచి, గొంగడి, కాలి గజ్జెలు, డప్పు. 1990 ఫిబ్రవరిలో నిజాం కళాశాల మైదానంలో అజ్ఞాతం వీడిన గద్దర్‌ను చూడడానికి తరలివచ్చిన జనసముద్రం నగరం నడిబొడ్డున పల్లె పాటనే విన్నది. దీనిని నగరాన్ని తిరస్కరించడంగా వ్యాఖ్యానించవచ్చు. అంతకంటె, హైదరాబాదు ఎవరితో నిండి ఉన్నదో తెలిసిన బృందం చేసిన ఎంపికగా చూడడమే సరైనదనిపిస్తుంది. శ్రోతలలో అధికులు ఏదో ఒక ఊరి నుండి వచ్చినవారే. నగరం వారికి కూడలి మాత్రమే.

ఇక్కడ బృందాల పేర్లు గమనింపదగినవి. 1943 నాటి ప్రజానాట్యమండలి మొదలుకొని జననాట్యమండలి, అరుణోదయ వరకు ఉద్యమ సంస్థల పేర్లు సంస్కృత సమాసాలు. తెలంగాణ రాష్ట్రోద్యమంలో 2002లో మొదలైన 'ధూంధాం' ఆ సంప్రదాయాన్ని విడిచింది. ధూంధాం దక్కనీ నోటి మాట. తరువాత వచ్చిన 'చౌరస్తా' బృందం పేరూ అంతే. వీధిలోని బ్యాండు పేర్లు మర్ఫా, తీన్‌మార్ కూడా తెలుగు మాటలు కావు. తెలుగు పాట తన సంస్థకు పేరు పెట్టుకొనేటప్పుడు నగరపు ఉర్దూను ఆశ్రయించి, పాట అందుకొనేటప్పుడు పల్లె తెలుగులోకి వెళుతున్నది. కాప్రిషియో వంటి పాశ్చాత్య నామాలు గల బృందాలు ఉన్నాయి కనుక దీనిని సార్వత్రిక నియమంగా ప్రతిపాదించలేము. అయినా జనంలోకి బలంగా వెళ్లిన పేర్లలో ఈ ధోరణి స్పష్టం. హైదరాబాదు తెలుగు రెండు భాషల మధ్య పెరిగిందన్న భాషాశాస్త్ర సత్యానికి ఇది సంగీతపరమైన ఆధారం.

చౌరస్తా బృందాన్ని కొంత వివరంగా పరిశీలించాలి. 2010ల రెండవ భాగంలో అంతర్జాలం ద్వారా వ్యాపించిన 'ఊరెళ్లిపోతా మామ' వీరికి గుర్తింపు తెచ్చింది. నగరం విడిచి ఎర్రబస్సులో తిరిగి ఊరికి పోతానన్న ఒక గొంతు, ఏ ఊరికి, అక్కడ ఏమున్నదని అన్న ప్రశ్న—పాట నిర్మాణం ఈ రెంటి మధ్య సాగుతుంది. చార్మినారు ప్రసక్తి లేని ఈ పాట హైదరాబాదు పాట ఎట్లా అవుతుందని ఆక్షేపించవచ్చు. సమాధానం ఎర్రబస్సులో ఉంది. 'ఎర్రబస్సెక్కి వచ్చాడు' అనడం నగరవాసి పల్లెటూరివాడిని ఎగతాళి చేసే మాట. ఆ మాటను ఈ పాట వెనక్కి తిప్పింది: వచ్చిన బస్సే తిరుగు ప్రయాణానికి కోరికగా మారింది. ఆ ఎర్రబస్సులను నడిపే సంస్థ ప్రధాన కార్యాలయం బస్ భవన్ ఉన్నందువల్లనే చిక్కడపల్లి పైనున్న కూడలికి ఆర్టీసీ చౌరస్తా అన్న పేరు వచ్చింది. పాటకు, ఆ స్థలానికి మధ్య ఉన్నది యాదృచ్ఛిక సంబంధమే. బృందం పేరు కూడా ఏ ఒక్క కూడలినీ ఉద్దేశించినట్లు భావించనక్కరలేదు. కాని ఆ పాటలోని గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి ఆ కూడలి నుండి అశోక్‌నగర్ వైపు కొంతదూరం నడిస్తే చాలు.

అశోక్‌నగర్‌లో ఏళ్లతరబడి గదులు అద్దెకు తీసుకొని పోటీపరీక్షలకు చదివే యువతీయువకులు నగరంలో ఉన్నవారే, నగరానికి చెందినవారు కారు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ నిర్వహించిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఊరికి పోదామంటే ఏ ముఖంతో పోవాలన్నది, ఉందామంటే ఇంకెన్నాళ్లన్నది వారి నిత్యసమస్య. పోతాననడమే గాని పోవడం జరగని ఈ స్థితిని చౌరస్తా పాట ముందే ఊహించింది. పాట అంతా పోతానన్న భవిష్యత్తులోనే ఉంటుంది. బస్సు కదలినట్లు వినబడదు. ఈ నిశ్చలత దాని బలం. దాని బలహీనత కూడా చెప్పుకోవాలి. గిటారు శ్రుతి, తేటగా ముద్రించిన గొంతులు ఆ దుఃఖాన్ని హాయిగా వినదగినదిగా మార్చాయి. ఊరు ఇందులో ప్రకృతిగా కనిపించినంతగా కులంగా, అప్పుగా కనిపించదు. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ ఉత్తర చెన్నై గానా బాణీని తీసుకొని ఆ వాడ అనుభవించే వివక్షను నేరుగా పాడినప్పుడు వచ్చిన పదును ఇక్కడ లేదు.

ఈ బృందం నుండి వెలుగులోకి వచ్చిన రామ్ మిర్యాల 2022 నాటి 'డీజే టిల్లు' చిత్రానికి కూర్చి పాడిన శీర్షికగీతం మరొక కొసను చూపుతుంది. అక్కడ ఊరికి పోవాలన్న కోరిక లేదు. బస్తీలో పుట్టి బస్తీలోనే ప్రసిద్ధుడైనవాడి డాంబికం ఉంది. నగర స్వభావం కోసం వెదికేవారు మొదటి పాటకంటె ఈ పాటను ఎక్కువగా మెచ్చుకోవచ్చు. కాని ఇది కీర్తించే డీజే పెట్టెలే మూడవ పొరలోని మనుషుల పొట్టకొట్టాయన్నది విస్మరించరానిది.

ఆ మూడవ పొర తీన్‌మార్. ఆర్టీసీ చౌరస్తాలోని సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల ముందు పెద్ద తారల చిత్రాల విడుదల రోజున, బోనాలలో, హుస్సేన్ సాగర్ వైపు సాగే గణేశ నిమజ్జనపు ఊరేగింపులలో ఈ దరువు లేకుండా అడుగు పడదు. దీనికి మూలమైన మర్ఫా చరిత్ర ప్రసిద్ధం. యెమెన్‌లోని హద్రమౌత్ నుండి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేసిన సిద్దీలు దీనిని నగరానికి తెచ్చారు. 1948 తరువాత దళం రద్దయింది. దాని పేరు ఏ.సి. గార్డ్స్ అన్న పేటకు మిగిలింది. వృత్తి కోల్పోయిన సిపాయిల సంతతికి డఫ్, డోలు, లోహపు బిందె, చెక్క పుల్లలు జీవనోపాధి అయ్యాయి.

అంటే మర్ఫా కూడా వలస సంగీతమే. గానసభ మద్రాసును, ఉద్యమం పల్లెను మోసుకొచ్చినట్లు అది ఆఫ్రికా, అరేబియా తీరాలను మోసుకొచ్చింది. ఏది స్థానికం, ఏది పరాయిది అన్న కొలతతో ఈ బృందాలను తూచడం అందువల్ల నిరర్థకం. భేదం మరొకచోట ఉంది. గానసభ విభావరి తన శ్రోతల జ్ఞాపకంగానే మిగిలింది. చౌరస్తా పాట ఊరు విడిచినవారికే పూర్తిగా అర్థమవుతుంది. మర్ఫా మాత్రం తెచ్చినవారి చేతులు దాటి, డప్పు నడకతో కలసి, ఎవరిదో తెలియకుండానే అందరి కాళ్లలోకి ప్రవేశించింది. నిఖా బారాతులో, అమ్మవారి ఊరేగింపులో ఒకే దరువుకు అడుగులు పడడం ఈ నగరంలో వింత కాదు. తీన్‌మార్ అన్న మాట 2011లో ఒక తెలుగు చలనచిత్రానికి, తరువాత ఒక వార్తా కార్యక్రమానికి పేరు కాగలిగిందంటే కారణం ఇదే. ఒక నగరం తన స్వభావాన్ని ఏ బృందంలో వినగలదు అన్న ప్రశ్నకు హైదరాబాదు వరకు మర్ఫా–తీన్‌మార్ బృందాలే సరైన సమాధానమని, మాటలలో చెప్పిన బృందాలలో చౌరస్తా వాటి తరువాతి స్థానంలో నిలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఈ ప్రతిపాదనకు ఒక ఇబ్బంది ఉంది. అందరిదీ కావడం వల్ల మర్ఫా తన వారిది కాకుండా పోయింది. దరువు మిగిలి వాయించేవారి పేరు లుప్తం కావడాన్ని సమ్మేళన సంస్కృతి అని కీర్తిస్తే విమర్శ తన బాధ్యతను తప్పించుకొన్నట్లే. గద్దర్ పాటలకు సంపుటాలు, సిద్ధాంత గ్రంథాలు ఉన్నాయి. చౌరస్తా పాటలకు ధ్వనిముద్రణలు ఉన్నాయి. మాటలు లేని సంగీతం కావడంతో మర్ఫా తెలుగు శాఖల పరిధిలోకి రాలేదు. జానపద విజ్ఞాన అధ్యయనాలు గ్రామం వైపు చూసినంతగా నగర వీధి వైపు చూడలేదు. 2024లో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే శబ్ద వ్యవస్థలను నిషేధించారు. చేతితో వాయించే బృందాలకు ఆ ఉత్తర్వు మళ్లీ పిలుపులు తెచ్చిందా లేదా అన్నది క్షేత్రపర్యటనతో మాత్రమే తేలే విషయం. అందుకు విశ్వవిద్యాలయం నుండి మెట్రో ఎక్కి చిక్కడపల్లిలో దిగడం కంటె పెద్ద ప్రయాణం అక్కరలేదు.

విడుదల రోజు ఉదయం సుదర్శన్ ముందు జరిగేది చూస్తే ఈ ఇబ్బంది ప్రత్యక్షమవుతుంది. కటౌటు మీద కథానాయకుడి పేరు, ఫ్లెక్సీల మీద అభిమాన సంఘాల నాయకుల పేర్లు, ముఖచిత్రాలు ఉంటాయి. వాటి కింద అరడజను మంది తలకు గుడ్డలు చుట్టుకొని తెరకు వీపు పెట్టి దరువు వేస్తుంటారు. ఆట మొదలయ్యే వేళకు జనం లోపలికి పోతారు. వారు వాద్యాలు ఆటోలో సర్దుకొని, మాట్లాడుకొన్న డబ్బు కోసం సంఘం కార్యదర్శిని వెదుకుతూ బయటే ఉండిపోతారు.