కల్దారు కాగితం, హాలీ కాగితం

మొదటి ప్రపంచ యుద్ధం వెండిని మింగేసింది. సైనికుల జీతాలకూ సరుకుల కొనుగోళ్లకూ రూపాయి నాణేలు కావాలి. వెండి ధర పెరిగేకొద్దీ నాణెం చెలామణీ కన్నా దాన్ని కరిగించడమే లాభమైంది. ఆ కరవులోంచి తెలుగు నేల మీదికి రెండు కాగితాలు దిగాయి. తిరువూరు ప్రాంతపు నెమలి గ్రామం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అక్కడ బ్రిటిష్ ఇండియా రూపాయి, అంటే కల్దారు. పడమట మధిర వైపు వెళ్తే నైజాం, అక్కడ హైదరాబాదు సొంత రూపాయి, అంటే హాలీ సిక్కా.

కల్దారు ఒక రూపాయి నోటు 1917 నవంబరు 30న వచ్చింది. దాని మీద అయిదో జార్జి తలతో ఉన్న వెండి నాణెం బొమ్మే అచ్చువేశారు, అడిగిన వెంటనే రూపాయి ఇస్తామని మాట రాశారు, వెనక ఎనిమిది దేశభాషల్లో విలువ చెప్పారు. లేని వెండిని బొమ్మతో, మాటతో భర్తీ చేసే ప్రయత్నమిది.

నైజాం దారి వేరు. కాగితపు డబ్బు మీద 1861 నుంచి గుత్తాధికారం బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానిదే. వెండి కొరత ఒక కారణంగా హైదరాబాదుకు అనుమతి దొరికింది. 1918 కరెన్సీ చట్టం కింద ముందు పది, వంద రూపాయల నోట్లు వచ్చాయి. ఒకటి, అయిదు రూపాయల నోట్లు 1919లో గానీ రాలేదు. కల్దారు నోటు కూలివాడి చేతి నుంచి మొదలైతే, హాలీ నోటు ఖజానా, వర్తకుల లెక్కల నుంచి మొదలైంది. పేదవాడి అక్కర తీర్చడంలో మొదటిదే మేలు.

అయినా నిలకడలో రెండోదే గెలిచింది. ఖర్చు గిట్టదని 1926లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక రూపాయి నోటును ఆపేసింది. అదే ఏడాది హైదరాబాదు వెయ్యి రూపాయల నోటు తెచ్చింది. ఒకరికి యుద్ధకాలపు సర్దుబాటు, మరొకరికి సొంత ద్రవ్యాధికారపు గుర్తు. మళ్లీ ప్రపంచ యుద్ధం వచ్చాకే, 1940లో, కల్దారు రూపాయి నోటు తిరిగొచ్చింది. ఈసారి చెల్లిస్తామన్న మాట లేదు, ఆ కాగితాన్నే నాణెంగా చట్టం లెక్కగట్టింది.

కాగితమైనా రెండు రూపాయలూ ఒకటి కాలేదు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు అన్న పాత మారకమే పొలిమేర దాటేవారిని వెంటాడింది. అందుకే ఆపత్కాలపు నోటును దాని అందంతోనో, వెండి నిల్వతోనో తూచితే చాలదు. ఆపద గడిచాక ప్రభుత్వం దాన్ని ఎంతకాలం తనదిగా మోసిందో చూడాలి. ఆ పరీక్షలో హైదరాబాదు నెగ్గింది. చిన్న చేతులకు ముందుగా నోటు అందించిన ఘనత మాత్రం కల్దారుదే.