అద్దం బిగించే ముందు

పాత ఆఫీసు భవనానికి అద్దాల ముఖం పెట్టాలని ఎవరైనా పిలిస్తే నేను ముందు అద్దాల కేటలాగు తెరవను. చిన్న సుత్తి పట్టుకుని స్లాబు అంచుల దగ్గరికి వెళ్తాను. తట్టుకుంటూ పోతే గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల ఊచ తుప్పు పట్టి పెచ్చు విడిచిన చోట డొల్లగా పలుకుతుంది. రేపు అద్దాల బరువును, గాలి తాకిడిని మోసే యాంకర్ బోల్టులు దిగేది ఆ అంచులోకే. డొల్ల కాంక్రీటు కొట్టేసి, ఊచల తుప్పు గీకి, మరమ్మతు చేసి, బోల్టును లాగి పరీక్షించాకే చట్రం ఎక్కించాలి.

న్యూయార్క్‌లో 1952లో కట్టిన లీవర్ హౌస్ అద్దాల ఆఫీసులకు దారి చూపిన భవనం. కాలక్రమంలో నీరు లోపలికి దిగి ఉక్కు చట్రాలు తుప్పుతో ఉబ్బాయి, అద్దాలు పగిలాయి. యాభై ఏళ్లు తిరిగేసరికి పై రూపం అలాగే ఉంచి అద్దాల గోడంతా కొత్తగా కట్టాల్సి వచ్చింది. అంత పేరున్న మేడకే నీటిచుక్క అంత పని పెట్టింది. అందుకే సిలికాన్ సీలెంట్ పూసేవాడి చెయ్యి ఎంత నిదానమైనదో నేను దగ్గరుండి చూసుకుంటాను.

మన ఊళ్లలో ఇంకో బాధ ఉంది. కొత్త ముఖం అనగానే మొదట కొట్టేసేది సజ్జల్ని. దక్షిణపు ఎండ పైనుంచి పడుతుంది కనుక సజ్జ దాన్ని చాలావరకు ఆపుతుంది. పడమటి ఎండ వాలుగా దూసుకొస్తుంది. అక్కడ నిలువు ఫిన్‌లు పెట్టాలి, లేదా అద్దం తగ్గించాలి. లోపల తెరలు దించినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది, ఆ భారమంతా ఏసీ మీదే. 2017 నాటి ఇంధన పొదుపు భవన నిబంధనావళి మామూలు పద్ధతిలో కిటికీల వాటాను గోడలో 40 శాతానికి పరిమితం చేసింది అందుకే.

ఇక స్లాబు అంచుకూ అద్దానికీ మధ్య మిగిలే సందు. కింది అంతస్తులో అగ్గి పుడితే పొగ పైకి పాకేది దాని గుండానే. ప్రతి అంతస్తులో అక్కడ రాక్‌వూల్ బిగించి కుక్కి, పైన ఫైర్ సీలెంట్ పూయాలి. పని ముగిశాక అది ఎవరికీ కనబడదు కనుక, ఖర్చు తగ్గించమన్నప్పుడు ముందు దాని మీదే కత్తి పడుతుంది.

భవన యజమానులకు నా మాట ఒక్కటే. బడ్జెట్‌లో మొదటి వాటా స్లాబు అంచుకు, సజ్జలకు, ఆ సందుకు తీసిపెట్టండి. మిగిలిన డబ్బుకు ఎంత అద్దం వస్తే అంతే పెట్టించండి.