బుచ్చిలక్ష్మికి మర్నాడు

శ్రీరమణగారి 'మిథునం' కథని తనికెళ్ళ భరణిగారు 2012లో సినిమాగా తీశారు. పిల్లలు ఎక్కడో దూరాన ఉన్నా అప్పదాసు, బుచ్చిలక్ష్మి దిగులుపడి మంచమెక్కరు. పెరట్లో పండించుకుంటారు, వండుకుంటారు, తగువులాడుకుంటారు. మా పనులు మేం చేసుకోగలమన్న ధీమాయే వాళ్ళకి దివ్యౌషధం. అందరూ మెచ్చుకున్న దాంపత్యం కన్నా నాకా ధీమాయే నచ్చింది.

అయితే ఒక్కమాట. ఆయన ధీమా తన చేతుల మీద. ఆవిడ ధీమా, తను లేకపోతే ఆయనకి గడవదన్న నమ్మకం మీద. అందుకే పసుపుకుంకాలతో పోవాలనుకోదు, ఆయనే ముందు వెళ్ళాలనుకుంటుంది. ఎంత పెద్ద మనసో అని మనం కళ్ళొత్తుకుంటాం. మరి మర్నాడు పొద్దున్నే ఆవిడ ఎవరికోసం పొయ్యి వెలిగించాలి? ఆ జవాబు నాకు కనిపించలేదు. మనలో చాలామందికి అసలు కథ మొదలయ్యేది అక్కడేగా! 'నాకోసం నేను వండుకుంటాను' అనే ధైర్యం ఆవిడ చేతిలో కూడా పెట్టివుంటే ఎంత బావుండేది!